కంజెషన్ ఛార్జ్ పెట్టుకోమని బ్రిటన్ కౌన్సిళ్లకి గవర్నమెంటే డబ్బులిచ్చింది కదా, మరి ఎక్కడా ఎందుకు రాలేదు?

వాన_తమ్ముడు

నమస్తే అందరికీ. నేను మాంచెస్టర్‌లో ఉంటా. మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నాడు, ట్రాఫిక్ మాట ఎత్తితే చాలు 2008లో కంజెషన్ ఛార్జ్‌ని (రద్దీ తగ్గించడానికి ఊళ్ళోకి కారు తెచ్చినవాళ్ళ దగ్గర తీసుకునే డబ్బు) మేమే తరిమేశాం అని మొదలెడతాడు, పక్క సీటావిడేమో ఆ రోజు ఒప్పుకునుంటే బోలెడు డబ్బొచ్చేది, చేతులారా పోగొట్టుకున్నాం అంటుంది, సాయంత్రమైతే ఇద్దరూ ఒకే ట్రామ్ ఎక్కి ఇంటికెళ్తారు, అది వేరే సంగతి.

నాకు అర్థం కానిది ఏంటంటే ఆ డబ్బు ఎవరిది, ఎందుకిస్తామన్నారు అని. కాస్త వెతికితే ట్రాన్స్‌పోర్ట్ ఇన్నోవేషన్ ఫండ్ అనే పేరు తగిలింది, రోడ్ ప్రైసింగ్ (రోడ్డు వాడినందుకు డబ్బు కట్టించే) స్కీములు తయారు చేసుకోండని సెంట్రల్ గవర్నమెంట్ ఊళ్ళ కౌన్సిళ్లకి డబ్బులిచ్చిందంట. ఆ లెక్కన ఈ పాటికి అరడజను ఊళ్ళలోనైనా ఛార్జ్ ఉండాలిగా, చూస్తే పెద్ద ఊళ్ళలో లండన్ తప్ప ఏదీ కనపడట్లేదు. డబ్బిస్తామంటే వద్దనే కౌన్సిల్ ఉంటుందా అసలు? పైగా ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో 5 పౌండ్లు మొదలైంది, ఎలక్ట్రిక్ కార్లకి మైలుకింత అంటున్నారు, అంటే మళ్ళీ అలాంటి ఫండ్ ఏదైనా వస్తుందా? తెలిసినవాళ్ళు విడమర్చి చెప్పండి ప్లీజ్, లింకులొద్దు, మామూలు మాటల్లో.

సుబ్బు_యూకే

ఇందులో విడమర్చేదేముంది తమ్ముడూ, ఊరికే ఎవడిస్తాడు. ఛార్జ్ పెడతామని రాసిస్తేనే డబ్బు, లేకపోతే లేదు. దాన్ని మా ఊళ్ళో అయితే లంచం అంటారు. జనానికి విషయం అర్థమైంది, ఓటేసి కొట్టారు, అయిపోయింది. లీటరు పెట్రోల్ మీద దాదాపు 53 పెన్నీలు డ్యూటీ, ఆ డ్యూటీ మీద కూడా మళ్ళీ వ్యాట్, ఏడాదికోసారి కారు ట్యాక్స్, ఇవన్నీ కట్టాక ఊళ్ళోకి అడుగు పెట్టడానికి ఇంకో టికెట్టా?

టోల్‌గేట్

సుబ్బు గారు కోపంగా అన్నా అసలు విషయం అందులోనే ఉంది, షరతు. నేను ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ లైన్‌లోనే పని చేస్తా కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపికున్నవాళ్ళు చదవండి.

ఛార్జ్ వేసే అధికారం కౌన్సిళ్లకి 2000 నాటి ట్రాన్స్‌పోర్ట్ యాక్ట్‌తోనే వచ్చింది. రోడ్డు మీద వేసుకోవచ్చు, లేదంటే ఆఫీసుల పార్కింగ్ మీద వేసుకోవచ్చు, వచ్చిన డబ్బు మళ్ళీ రవాణాకే పెట్టాలి. కానీ చట్టం ఉంటే సరిపోదు కదా, కెమెరాలు కావాలి, ట్రాఫిక్ మోడల్ కట్టాలి, అన్నిటికన్నా ముందు కారు వదిలేసినోళ్ళు ఎక్కడానికి బస్సో ట్రామో ఉండాలి. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ చేతిలో సొంతంగా ఉండే పన్ను చాలా తక్కువ, కౌన్సిల్ ట్యాక్స్, బిజినెస్ రేట్లలో కొంత, మిగతాదంతా పైనుంచి రావాల్సిందే. అందుకే చట్టం వచ్చాక చాలాకాలం దాన్ని వాడుకున్న కౌన్సిల్ డరమ్ ఒక్కటే. 2002 అక్టోబర్‌లో శాడ్లర్ స్ట్రీట్ అని కెథీడ్రల్ వైపు ఎక్కే ఒక ఇరుకు వీధికి 2 పౌండ్లు పెట్టారు, బండ్లు ఎనభై శాతం పైగా తగ్గిపోయాయి. కాకపోతే అది ఒక్క వీధి, దాన్ని చూపించి ఊరంతా ఇలాగే అవుతుందంటే ఎవరూ నమ్మరు.

లండన్ కథ వేరే. అక్కడ అధికారం 1999 నాటి గ్రేటర్ లండన్ చట్టం నుంచి వచ్చింది, కెన్ లివింగ్‌స్టన్ 2000లో ఛార్జ్ పెడతానని ముందే చెప్పి మేయర్‌గా గెలిచాడు, 2003 ఫిబ్రవరి 17న 5 పౌండ్లతో మొదలెట్టాడు, రెఫరెండమ్ (దాని మీద జనం ఓటు) గట్రా ఏం లేదు. మొదటి ఏడాదే జోన్‌లోకొచ్చే ట్రాఫిక్ 18 శాతం తగ్గింది. అది చూసి వెస్ట్‌మినిస్టర్‌లో, అంటే సెంట్రల్ గవర్నమెంట్‌లో, వాళ్ళకి ఆశ పుట్టింది. 2004లో వైట్ పేపర్ (గవర్నమెంట్ పాలసీ పత్రం) తెచ్చి ట్రాన్స్‌పోర్ట్ ఇన్నోవేషన్ ఫండ్ ప్రకటించారు, అప్పుడు ట్రాన్స్‌పోర్ట్ మంత్రి అలిస్టర్ డార్లింగ్. ఆ ఫండ్‌లో రెండు భాగాలు, ఒకటి ప్రొడక్టివిటీ పేరుతో సరుకు రవాణా, పోర్టులు వగైరాకి, రెండోది కంజెషన్‌కి. మీరడిగేది ఈ రెండోదాని గురించే. 2008-09 నుంచి ఏడాదికి 200 మిలియన్ పౌండ్ల దాకా ఇస్తామన్నారు, దానికి ముందు స్కీములు ఆలోచించుకోడానికి మూడేళ్ళకి 18 మిలియన్లు విడిగా. 2005 నవంబర్‌లో మొదటి విడత ఏడు చోట్లకి వెళ్ళింది, గ్రేటర్ మాంచెస్టర్, వెస్ట్ మిడ్‌ల్యాండ్స్, టైన్ అండ్ వేర్, బ్రిస్టల్, కేంబ్రిడ్జ్‌షైర్, డరమ్, ష్రూస్‌బరీ. ష్రూస్‌బరీ ఏంటి మధ్యలో అనుకోకండి, చిన్న ఊరే గానీ సెవర్న్ నది చుట్టూ తిరిగి దాదాపు ద్వీపం చేసేసింది, లోపలికి వెళ్ళాలంటే వంతెనలు దాటాల్సిందే, కెమెరా పెట్టేవాడికి అంతకన్నా ఏం కావాలి.

ఇక షరతు. బస్సులు బాగు చేస్తాం డబ్బివ్వండి అంటే ఇవ్వరు. రోడ్ ప్రైసింగ్ లాంటి గట్టి స్కీమ్ ప్యాకేజీలో ఉంటేనే పెద్ద డబ్బు. ఎందుకంత పట్టు అంటే అప్పట్లో వాళ్ళ కన్ను దేశమంతా మైలుకింత వేసే స్కీమ్ మీద ఉంది. 2005లో డార్లింగే చెప్పాడు, బాగా రద్దీ ఉన్న రోడ్డు మీద పీక్ టైమ్‌లో మైలుకి 1.34 పౌండ్ల దాకా పోవచ్చని. దేశం మీద వేసే ముందు ఎక్కడో ఒక చోట ట్రయల్ కావాలి, ఆ ట్రయల్‌కి ఒప్పుకున్నవాళ్ళకి ఇచ్చే డబ్బే ఈ ఫండ్. తర్వాత 2007లో డౌనింగ్ స్ట్రీట్ (ప్రధాని ఆఫీసు) వెబ్‌సైట్‌లోనే 18 లక్షల మంది సంతకం పెట్టి రోడ్ ప్రైసింగ్ వద్దన్నారు. అప్పట్నుంచి మంత్రులు నేషనల్ స్కీమ్ మాటెత్తడం తగ్గించేశారు, కానీ కౌన్సిళ్ల మీద పెట్టిన షరతు మాత్రం తియ్యలేదు. నా దృష్టిలో దెబ్బ పడింది అక్కడే. మంత్రులు తామే చెయ్యడానికి జంకిన పనిని కౌన్సిలర్ల నెత్తిన పెట్టారు, వాళ్ళేమో ఎప్పుడూ ఏదో ఒక ఎలక్షన్ ముందే ఉంటారు.

వాన_తమ్ముడు

చాలా థ్యాంక్స్ అండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మరి ఆ 18 మిలియన్లు ఏమైనట్టు? తీసుకున్నవాళ్ళు తిరిగి కట్టాలా?

టోల్‌గేట్

తిరిగి కట్టేదేం లేదు, అది స్టడీ చెయ్యడానికిచ్చిందే. సర్వేలకి, మోడళ్ళకి, కన్సల్టెంట్ల రిపోర్టులకి పోయింది. అవి పూర్తిగా వేస్ట్ అనను, ఆ మోడళ్ళు తర్వాత వేరే పనులకి వాడుకున్నారు. కానీ వెస్ట్ మిడ్‌ల్యాండ్స్ 2008లో మాకొద్దు అనేసింది, మిగతావి ఒక్కొక్కటే చల్లారిపోయాయి. పెద్ద డబ్బు దాకా వెళ్ళింది మీ మాంచెస్టరే.

గోదారోడు

మాంచెస్టర్ సంగతి నేను చెప్తా, అప్పుడు నేను అక్కడే చదువుకుంటున్నా. ఓటరుకో బ్యాలట్ పేపర్ వచ్చింది, పోస్టులో పంపాలి. కామన్‌వెల్త్ పౌరులం కాబట్టి మనకీ ఓటుంది, మా రూమ్‌లో సగం మందికి ఆ సంగతే తెలీదు, కవరు విప్పకుండా టీవీ కింద పెట్టేశారు.

స్కీమ్ ఏంటంటే రెండు రింగులు. బయటది ఎమ్60 మోటర్‌వే లోపలగా, లోపలిది సిటీ సెంటర్ చుట్టూ. పొద్దున 7 నుంచి 9.30 దాకా లోపలికి వస్తేనే, సాయంత్రం 4 నుంచి 6.30 దాకా బయటకి వెళ్తేనే ఛార్జ్, శనాదివారాలు లేదు. పొద్దున బయటి రింగు దాటితే 2 పౌండ్లు, లోపలిది దాటితే ఇంకో 1, సాయంత్రం ఒక్కో రింగుకి 1, అన్నీ కలిపి రోజుకి 5 మించదు. మధ్యాహ్నం వెళ్తే పైసా లేదు. ఇప్పుడు చూస్తే ఇది లండన్ దాని కంటే చాలా మెతక స్కీమ్. దీనికి బదులుగా గవర్నమెంట్ ఏకంగా 1.5 బిలియన్ పౌండ్లు గ్రాంట్ ఇస్తానంది, ఇంకో 1.2 బిలియన్ అప్పు తెచ్చి ఛార్జ్ డబ్బుతో తీరుస్తామన్నారు. కొత్త ట్రామ్ లైన్లు, బస్సులు, 2013లో ఛార్జ్ మొదలయ్యేలోపు 80 శాతం పనులు అయిపోతాయని మాట కూడా ఇచ్చారు.

కానీ బస్టాపులో నిలబడి జనం మాట్లాడుకునేది వింటే ఎవరికీ ఆ మాట మీద నమ్మకం లేదు. ముందు ట్రామ్ కనపడనీ, తర్వాత చూద్దాం, ఇదీ అందరి మాట. టైమ్ కూడా చూడండి, 2008 డిసెంబర్, బ్యాంకులు కూలుతున్నాయి, ఉద్యోగాలు పోతున్నాయి, ఆ టైమ్‌లో వారానికి 25 పౌండ్లు కొత్త ఖర్చు అని ఎదుటివాళ్ళు లెక్క కట్టి చూపిస్తే ఎవడు ఒప్పుకుంటాడు. గ్రేటర్ మాంచెస్టర్‌లోని పది బరోల్లో (ఒక్కో కౌన్సిల్ ఏరియా) ఏడైనా ఔననాలి అని రూల్ పెట్టుకున్నారు. పదికి పదీ కాదన్నాయి. ఎనిమిది లక్షల పైచిలుకు వద్దు, రెండు లక్షల పైచిలుకు కావాలి, అంటే 79 శాతం వద్దనే.

అసలు ట్విస్ట్ తర్వాతుంది. 2009లో పది కౌన్సిళ్లూ కూర్చుని గ్రేటర్ మాంచెస్టర్ ట్రాన్స్‌పోర్ట్ ఫండ్ అని 1.5 బిలియన్లది పెట్టుకున్నాయి, కొంత గవర్నమెంట్ డబ్బు, కొంత వాళ్ళు తలా కట్టే వాటా (లెవీ), అప్పు. ఆష్టన్ లైన్ 2013లో, ఎయిర్‌పోర్ట్ లైన్ 2014లో వచ్చేశాయి. మీ ఆఫీసు పెద్దాయన రోజూ ఎక్కే ట్రామ్ బహుశా అదే తమ్ముడూ. ఛార్జ్ లేదు, ట్రామ్ వచ్చింది. అది చూశాక మిగతా ఊళ్ళవాళ్ళు ఏమనుకుంటారు? వద్దన్నా ఇస్తారులే అనే కదా.

సుబ్బు_యూకే

అదే నేను చెప్పేది!! డబ్బు ముందునుంచీ ఉంది, బెదిరించి ఛార్జ్ పెట్టించాలని చూశారు అంతే.

టోల్‌గేట్

పూర్తిగా అలా కాదండి. గోదారోడు గారు చెప్పిన ఫండ్‌లో పెద్ద భాగం మాంచెస్టర్ వాళ్ళే మోశారు, కౌన్సిళ్లు కట్టే లెవీ పెంచుకుని, రాబోయే డబ్బు చూపించి అప్పు తెచ్చుకుని. ఫ్రీగా రాలేదు, వేరే జేబులోంచి వచ్చింది. కాకపోతే ఆ జేబు జనానికి కనపడదు, కెమెరా కనపడుతుంది.

నాటింగ్‌హామ్_నాని

అందరు మాంచెస్టర్ మాంచెస్టర్ అంటున్రు గని మా నాటింగ్‌హామ్ సంగతి ఎవ్వలు చెప్తలేరు. గా 2000 చట్టంలనే రెండో దారి ఉందని టోల్‌గేట్ అన్న చెప్పిండు గదా, ఆఫీసు పార్కింగ్ మీద లెవీ. మా కౌన్సిల్ గదే పట్టుకున్నది, 2012 ఏప్రిల్ నుంచి వసూలు చేస్తున్రు. కంపెనీకి 11 లేదా అంతకన్న ఎక్కువ పార్కింగ్ జాగలుంటెనే కట్టాలె, మొదటి ఏడాది జాగకు 288 పౌండ్లు, ఇప్పుడు 500 దాటింది. ఎమర్జెన్సీ సర్వీసులకు, ఎన్‌హెచ్ఎస్ (సర్కారు దవాఖానల) ఫ్రంట్‌లైన్ జాగలకు మాఫీ. గా పైసలతోని ట్రామ్ రెండు కొత్త లైన్లు ఏసిన్రు 2015ల, రైల్వే స్టేషన్ బాగు చేసిన్రు.

ఇండ్ల మజా ఏందంటే రోడ్డు మీద ఒక్క ఛార్జ్ కెమెరా లేదు, కార్లో పోయేటోనికి బిల్లు రాదు, కంపెనీకి వస్తది. వసూలు ఖర్చు గూడ మస్తు తక్కువ. రెఫరెండమ్ పెట్టలే. లోకల్ వాటా లెవీకెళ్ళి వస్తదని కౌన్సిల్ చూపెట్టింది గాబట్టి ట్రామ్‌కి గవర్నమెంట్ పెద్ద వాటా ఇచ్చింది. అంటే పైనుంచి షరతు పెట్టి ఇయ్యలే, కిందినుంచి మా దగ్గర ఇంత ఉంది మీరెంత ఇస్తరు అని అడిగిన్రు. గిదీ తేడా.

సుబ్బు_యూకే

నాని బ్రో, కంపెనీ కడుతుంది అంటున్నావ్ గానీ కంపెనీ ఎక్కడ్నుంచి తెస్తుంది? మా ఫ్రెండ్ పని చేసే చోట నెలనెలా జీతంలోంచే కోస్తున్నారు.

నాటింగ్‌హామ్_నాని

నిజమే అన్న, చానా కంపెనీలు ఉద్యోగుల మీదనే ఏస్తయి, కౌన్సిల్ అడ్డం రాదు. మా ఆఫీసుల గూడ సగం మా మీదనే. నేనైతే పార్కింగ్ వదిలేసి ట్రామ్ పాస్ తీస్కున్న, లెక్క చూస్కుంటె పెద్దగ తేడా రాలే. గని రాత్రి షిఫ్టులోళ్ళకు మాత్రం కష్టమే, ఆల్లకు ట్రామ్ ఉండదు, కార్ తప్పదు. లెస్టర్‌ల గూడ గిదే పెడ్తమన్నరు, లొల్లి అయితే 2022ల బంద్ వెట్టిన్రు.

వాన_తమ్ముడు

మరి ఆ ఫండ్ ఇప్పుడు లేదా? బర్మింగ్‌హామ్, బ్రిస్టల్‌లో కూడా ఏదో కడుతున్నారని విన్నానే, అది ఇదేనా?

టోల్‌గేట్

ఆ ఫండ్ 2010లోనే మూసేశారు. అర్బన్ ఛాలెంజ్ ఫండ్ అని దాని బదులు ఒకటి ప్రకటించారు గానీ, గవర్నమెంట్ మారాక అదీ పోయింది. తర్వాత కొయలిషన్ (రెండు పార్టీల కూటమి) గవర్నమెంట్ వాళ్ళు లోకల్ సస్టెయినబుల్ ట్రాన్స్‌పోర్ట్ ఫండ్ అని 560 మిలియన్లు పెట్టారు, అందులో ఛార్జ్ షరతే లేదు, సైకిల్ దారులు, బస్ టికెట్లు, స్కూల్ ప్రయాణాలు ఇలాంటివి. అందరూ సంతోషంగా తీసుకున్నారు, రోడ్ ప్రైసింగ్ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

బర్మింగ్‌హామ్, బ్రిస్టల్‌వి క్లీన్ ఎయిర్ జోన్‌లు, అంటే ఎక్కువ పొగ వదిలే పాత బండ్లకే ఛార్జ్. బర్మింగ్‌హామ్‌లో 2021 జూన్ నుంచి పాత కార్లకి రోజుకి 8 పౌండ్లు, బ్రిస్టల్‌లో 2022 నవంబర్ నుంచి 9. ఇవి వచ్చిన దారి వేరు. గాలి కాలుష్యం లిమిట్లు దాటిందని గవర్నమెంట్ మీదే కోర్టులో కేసులు పడ్డాయి, ఓడిపోయింది, దాంతో కౌన్సిళ్లకి ఆర్డర్లు పోయాయి, ఆర్డర్‌తో పాటు కెమెరాల డబ్బు, టాక్సీవాళ్ళకి బండి మార్చుకునే గ్రాంట్లు కూడా. ఇక్కడ కౌన్సిలర్లకి ఒక సాకు దొరికింది, మేం కాదు కోర్టు చెప్పింది అని. ఒక్కటి గమనించండి, ఇది రద్దీ ఛార్జ్ కాదు. కొత్త కారు కొనుక్కున్నవాడు ఎంత రద్దీ టైమ్‌లో వచ్చినా ఫ్రీ. జనం బండ్లు మార్చేకొద్దీ వసూలు తగ్గిపోతుంది, దాన్ని నమ్ముకుని ఎవరూ ట్రామ్ కట్టలేరు. మీ మాంచెస్టర్‌కి కూడా ఇది రావాల్సింది, బోర్డులు, కెమెరాలు పెట్టేశాక 2022లో ఆపేశారు, చివరికి 2025 జనవరిలో ఛార్జ్ లేని ప్లాన్‌కే గవర్నమెంట్ ఒప్పుకుని బస్సులకి డబ్బిచ్చింది. మళ్ళీ అదే కథ చూశారా.

షరతు డబ్బు ఎక్కడా పని చెయ్యదని కూడా అనలేం. స్టాక్‌హోమ్‌లో స్వీడన్ గవర్నమెంటే ఖర్చు పెట్టుకుని 2006 జనవరి నుంచి జూలై దాకా ట్రయల్ నడిపింది. ఛార్జ్ మొదలవ్వకముందే, 2005లోనే ఎక్స్‌ట్రా బస్సులు దించారు. ట్రాఫిక్ దాదాపు 20 శాతం తగ్గడం జనం కళ్ళారా చూశారు, ఆ తర్వాత సెప్టెంబర్‌లో ఓటు పెడితే సిటీలో ఔనన్నవాళ్ళే ఎక్కువ, 2007 ఆగస్టు నుంచి పర్మనెంట్. ట్రయల్‌కి ముందు అక్కడా జనం వద్దనే అన్నారు. ఇక్కడ ఎడిన్‌బరాలో 2005లో ముందు ఓటు పెట్టారు, 74 శాతం వద్దన్నారు. మాంచెస్టర్‌లోనూ ముందు ఓటే. కనపడని బస్సుకి కనపడే ఛార్జ్ ఇమ్మంటే ఎవరిస్తారు.

కేంబ్రిడ్జ్ కూడా అంతే. సిటీ డీల్ కింద గవర్నమెంట్ 500 మిలియన్ల దాకా విడతల వారీగా ఇస్తానంది, అది కట్టడాలకి పనికొస్తుంది గానీ ఏటేటా బస్సు నడిపే ఖర్చుకి కాదు, ఆ ఖర్చు కోసమే 5 పౌండ్ల జోన్ ఆలోచించారు. అభిప్రాయాలడిగితే 70 శాతం బస్సులు బాగుండాలన్నారు, 58 శాతం ఛార్జ్ వద్దన్నారు, అంటే రెండూ అన్నవాళ్ళు చాలామందే ఉన్నారన్నమాట. 2023 సెప్టెంబర్‌లో పక్కన పెట్టేశారు.

సుబ్బు_యూకే

సరే, లండన్‌లో ఏం ఒరిగింది? 5 తో మొదలై 8, 10, 11.50, 15, ఇప్పుడు 18. ఎలక్ట్రిక్ కార్లక్కూడా ఫ్రీ తీసేశారు. ట్రాఫిక్ తగ్గిందా అంటే ఎవడూ సూటిగా చెప్పడు.

టోల్‌గేట్

సూటిగానే చెప్తా. కార్ల సంఖ్య తగ్గింది, స్పీడ్ మాత్రం కొన్నేళ్ళకే మళ్ళీ పడిపోయింది, రోడ్డు తవ్వకాలు, బస్ లేన్లు, ఆ తర్వాత యాప్ టాక్సీలు. పైగా మొదటి ఏళ్ళలో వచ్చినదాంట్లో సగం దాకా వసూలు ఖర్చుకే పోయింది. అందుకే చిన్న ఊళ్ళు లండన్ నమూనా ఎత్తుకొస్తే నేనూ ఒప్పుకోను, అంత కెమెరా ఖర్చుకి అక్కడ ట్రాఫిక్ చాలదు. నన్నడిగితే నాని చెప్పిన నాటింగ్‌హామ్ దారే చాలా ఊళ్ళకి సరిపోతుంది.

ఆక్స్‌ఫర్డ్‌ది మాత్రం నాకు ఇంట్రెస్టింగ్‌గా ఉంది. 2025 అక్టోబర్ 29 నుంచి ఆరు చోట్ల 5 పౌండ్లు, టెంపరరీ అని చెప్పే పెట్టారు, ఆ డబ్బుతో పార్క్ అండ్ రైడ్ (ఊరి అంచున కారు ఆపి ఎక్కే) బస్సులు మొదటి రోజు నుంచే కొన్ని నెలలు ఫ్రీ చేశారు. రెఫరెండమ్ లేదు, పెద్ద గ్రాంట్ కోసం ఎదురుచూడలేదు. కోపంగా ఉన్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, అయినా ఛార్జ్ కట్టేవాడికి పక్కనే బస్సు కనపడుతోంది.

వాన_తమ్ముడు

అన్నీ క్లియర్ అయ్యాయి అందరికీ థ్యాంక్స్, నాని అన్నా నీకు స్పెషల్‌గా. లాస్ట్ డౌట్, ఆ ఎలక్ట్రిక్ కార్ల మైలు ఛార్జ్ కౌన్సిళ్లకే వస్తుందా?

టోల్‌గేట్

లేదండి. 2025 నవంబర్ బడ్జెట్‌లో చెప్పింది 2028 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కారుకి మైలుకి 3 పెన్నీలు, ప్లగిన్ హైబ్రిడ్‌కి 1.5. అది పెట్రోల్ డ్యూటీ తగ్గిపోతోందని ట్రెజరీ (ఆర్థిక శాఖ) పెట్టుకున్న పన్ను, పోయేది నేరుగా ట్రెజరీకే. రద్దీ రోడ్డైనా, అర్ధరాత్రి ఖాళీ రోడ్డైనా ఒకటే రేటు, కాబట్టి ట్రాఫిక్‌కి దీంతో ఒరిగేదేం లేదు. కౌన్సిల్‌కి అందులోంచి వాటా ఇస్తామని బడ్జెట్‌లో ఎక్కడా అనలేదు.

సుబ్బు_యూకే

చూశారా, చివరికి మళ్ళీ మన జేబే 😀